ట్రైలర్ లాగేటప్పుడు పికప్ ఇంజిన్, ట్రాన్స్‌మిషన్ వేడెక్కకుండా చూసుకోవడం ఎలా?

మే నెల వస్తే చాలు, ఒకే ప్రశ్న రకరకాలుగా అడుగుతారు. "అన్నా, క్యాంపర్ కొన్నాం. ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్తుంటే ట్రాన్స్‌మిషన్ 230 చూపించింది, పర్వాలేదా?" "ఇంజిన్ ముల్లు మధ్యలోనే ఉంది కానీ ఏదో కాలిన వాసన వచ్చింది, ఏమై ఉంటుంది?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం మిగిలిపోతోంది. అందుకే వరుసగా రాస్తున్నాను.

ఇది అమెరికాలో పెట్రోల్ ఇంజిన్ హాఫ్ టన్ పికప్, అంటే ఎఫ్-150, సిల్వరాడో 1500, ర్యామ్ 1500 లాంటి బండికి ఐదారు వేల పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని వెళ్ళే కుటుంబాల కోసం. డీజిల్ బండ్లకు అంకెలు కొంచెం మారతాయి, పద్ధతి ఇదే. ఉష్ణోగ్రతలన్నీ ఫారెన్‌హీట్‌లో ఇస్తున్నాను, డాష్‌బోర్డులో కనిపించేది అదే కాబట్టి.

1. వేడి ఎక్కడ పుడుతుందో ముందు తెలుసుకోండి

బండి 6 వేల పౌండ్లు, ట్రైలర్ 6,500 పౌండ్లు అనుకుందాం. మొత్తం 12,500. ఆరు శాతం వాలున్న కొండను 60 మైళ్ళ వేగంతో ఎక్కాలంటే ఆ బరువును పైకి మోయడానికే 120 హార్స్‌పవర్ కావాలి. గాలిని చీల్చుకుని వెళ్ళడానికి కావాల్సింది వేరే. అదే కొండను 45 మైళ్ళతో ఎక్కితే 90 చాలు. ఇంజిన్ చేసే పని ఎంత పెరిగితే కూలెంట్‌లోకి (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలోకి) వచ్చే వేడి దాదాపు అంతే పెరుగుతుంది.

ట్రాన్స్‌మిషన్‌లో వేడి పుట్టే తీరు వేరు. ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అది లాక్ అయితే ఇంజిన్ తిరిగినంతా గేర్లకు అందుతుంది. లాక్ కానప్పుడు లోపల ఆయిల్ జారుతుంది, ఆ జారుడంతా వేడిగా మారుతుంది. 120 హార్స్‌పవర్‌లో పదో వంతు అలా జారినా దాదాపు 9 కిలోవాట్లు. మన ఇళ్ళలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు నాలుగు ఒకేసారి వేసి ఆ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌లో ముంచినట్టు.

ఇంకో సంగతి. ట్రాన్స్‌మిషన్ కూలర్ చాలా బండ్లలో రేడియేటర్ ట్యాంక్ లోపలో, లేదా రేడియేటర్ ముందో ఉంటుంది. కాబట్టి ఒకటి వేడెక్కితే రెండోదాన్ని కూడా లాక్కుపోతుంది. రెంటినీ కలిపే చూడాలి.

2. బరువు తూయించండి, ఊహించొద్దు

వేడి గురించి అడిగితే బరువు గురించి చెబుతున్నానేమిటి అనుకోవచ్చు. నన్ను అడిగిన వాళ్ళలో చాలామందికి అసలు సమస్య ఇక్కడే దొరికింది.

డీలర్ చెప్పే "11 వేల పౌండ్లు లాగుతుంది" అన్న మాట పక్కన పెట్టండి. డ్రైవర్ తలుపు తెరిస్తే తలుపు చట్రం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని అందులో ఒక అంకె రాసి ఉంటుంది. అదే పేలోడ్. 6,500 పౌండ్ల ట్రైలర్ నాలుక బరువు (ట్రైలర్ ముందు కొస హిచ్ మీద, అంటే బండి వెనక కొక్కెం మీద మోపే బరువు) 13 శాతం వేసుకుంటే 845 పౌండ్లు, అదంతా మీ బండి మీద పడుతుంది. నలుగురు మనుషులు 600. ఆ బరువును ఇరుసులన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక్కటే 80, 90 పౌండ్లు ఉంటుంది. అప్పటికే పదిహేను వందలు దాటింది. ఇంకా కూలర్ బాక్సు, బియ్యం, గ్యాస్ స్టవ్, పిల్లల సైకిళ్ళు ఎక్కనే లేదు.

చేయాల్సింది ఇది:

- ట్రిప్‌కి వెళ్ళేటప్పుడు ఎలా సర్దుతారో అలాగే సర్ది, అందరినీ కూర్చోబెట్టి, ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీదకు వెళ్ళండి.
- ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు మూడు పలకల మీద విడివిడిగా పడేలా నిలపండి.
- చీటీలో వచ్చిన మొత్తాన్ని ఓనర్స్ మాన్యువల్‌లో మీ ఇంజిన్‌కి, మీ యాక్సిల్ నిష్పత్తికి (ఇరుసులోని గేర్ల నిష్పత్తికి) ఇచ్చిన కంబైన్డ్ పరిమితితో, అంటే బండీ ట్రైలరూ కలిపి మించకూడని బరువుతో పోల్చండి.
- నాలుక బరువు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉందో లేదో చూడండి.
- ట్రైలర్‌లో మంచినీళ్ళ ట్యాంకు నిండుగా ఉంటే ఆలోచించండి. గాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. 40 గాలన్లంటే 330 పౌండ్లు. క్యాంప్‌గ్రౌండ్‌లో కుళాయి ఉంటే ఆ నీళ్ళను కొండ మీదకు మోసుకెళ్ళడం ఎందుకు?

మాన్యువల్‌లో మరో అంకె ఉంటుంది, చాలామంది చూడరు. ట్రైలర్ ముందు భాగం ఎన్ని చదరపు అడుగులు ఉండొచ్చో దానికీ పరిమితి ఉంది. ట్రావెల్ ట్రైలర్ అంటే గోడ. పడవ ఉన్న ట్రైలర్, అదే బరువున్న క్యాంపర్ ఒకటి కావు.

3. ముల్లును నమ్మొద్దు, అంకె చూడండి

డాష్‌బోర్డులో కూలెంట్ ముల్లు చాలా బండ్లలో నిజం చెప్పదు. జనం భయపడకూడదని, మామూలు ఉష్ణోగ్రతల పరిధి అంతటా అది మధ్యలోనే నిలబడేలా కంపెనీలే చేస్తాయి. అది కదలడం మొదలుపెట్టిందంటే అప్పటికే ఆలస్యం.

కొన్ని బండ్లలో మెనూలోకి వెళ్తే కూలెంట్, ట్రాన్స్‌మిషన్ రెండూ అంకెల్లో కనిపిస్తాయి. లేకపోతే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్‌లో) పెట్టే స్కాన్‌గేజ్ లాంటి పరికరం గానీ, బ్లూటూత్ అడాప్టర్, ఫోన్ యాప్ గానీ పెట్టుకోండి. ఈ మొత్తం పనిలో డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు ఇదే అంటాను. అదనపు కూలర్ తర్వాత.

నేను వాడే కొలతలు ఇవి. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

కూలెంట్:
- 195 నుంచి 220 వరకు: మామూలే.
- 220 నుంచి 230: కొండ ఎక్కేటప్పుడు వస్తుంది. వేగం తగ్గించండి.
- 235 దాటి ఇంకా పెరుగుతుంటే: ఆగడానికి చోటు వెతకండి.
- 240: ఆగండి.

ట్రాన్స్‌మిషన్:
- 170 నుంచి 210: నిశ్చింతగా ఉండండి. కొత్త 8, 10 స్పీడ్ ట్రాన్స్‌మిషన్లు మైలేజీ కోసం 200 దగ్గర నడిచేలానే తయారవుతాయి.
- 210 నుంచి 225: గమనిస్తూ ఉండండి.
- 225 దాటితే: గేరు, వేగం మార్చండి.
- 250: ఆగండి. ఆ వేడి దగ్గర ఆయిల్ గుణం పోతుంది, సీళ్ళు గట్టిపడతాయి.

అంకె కన్నా ముఖ్యం అది పెరిగే తీరు. 222 దగ్గర పది నిమిషాలుగా నిలకడగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు. 205 నుంచి రెండు నిమిషాల్లో 218కి వచ్చిందంటే మాత్రం వెంటనే ఏదో ఒకటి చేయాలి.

ముందుగా ట్రైలర్ లేకుండా ఒక వారం ఆ అంకెలు చూడండి. మీ బండికి మామూలు అంటే ఏమిటో తెలుస్తుంది.

4. రెండు వారాల ముందు: కూలింగ్ సిస్టమ్

ఇదంతా చల్లటి ఇంజిన్ మీద, పొద్దున్నే చేయాల్సిన పని. వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోవద్దు.

*రేడియేటర్ ముందు చెత్త.* గ్రిల్‌లోంచి టార్చ్ వేసి చూడండి. ముందు కనిపించేది ఏసీ కండెన్సర్. దాని వెనక రేడియేటర్. ఈ రెంటి మధ్య సందులో పురుగులు, దూది గింజలు, ఎడారి దుమ్ము చేరి ఒక పొరలా కట్టేస్తాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. నా బండికి ఒక ఏడాది ఇదే జరిగింది. థర్మోస్టాట్ (కూలెంట్ వేడయ్యాక రేడియేటర్‌లోకి వదిలే కవాటం) మార్చాను, కూలెంట్ మార్చాను, అయినా కొండెక్కితే వేడే. చివరికి పైన ఉన్న ప్లాస్టిక్ కవర్ విప్పి చూస్తే ఆ సందులో కంబళి పరిచినట్టు చెత్త.

శుభ్రం చేసే తీరు: పైకవర్ విప్పండి. తోట పైపుతో, మామూలు ఒత్తిడితో, ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. ప్రెజర్ వాషర్ వద్దు, సన్నటి రెక్కలు వంగిపోతాయి. వంగినవాటిని ఫిన్ దువ్వెనతో సరిచేయొచ్చు.

*గ్రిల్ షట్టర్లు.* చాలా కొత్త బండ్లలో గ్రిల్ వెనక తెరుచుకుని మూసుకునే రెక్కలు ఉంటాయి. రాయి తగిలో, పురుగులు పట్టో అవి సగం మూసుకుని ఉండిపోతాయి. ఏసీ వేసి, ఇంజిన్ వేడయ్యాక తెరుచుకున్నాయో లేదో చూడండి.

*ఫ్యాన్.* ఎలక్ట్రిక్ ఫ్యాన్లయితే ఏసీ పూర్తిగా పెట్టగానే తిరగాలి. రెండు ఉంటే రెండూ తిరగాలి. బెల్టుతో తిరిగే ఫ్యాన్ అయితే, వేడి ఇంజిన్ ఆపేశాక చేత్తో తిప్పి చూడండి. కొంచెం బిగువుగా తగలాలి. హాయిగా గిరగిరా తిరిగిందంటే ఫ్యాన్ క్లచ్ అయిపోయినట్టే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ దగ్గర మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఇంజిన్ ఆపినా అది తనంతట తానే తిరగవచ్చు.

*ప్రెజర్ మూత.* పది, పదిహేను డాలర్ల వస్తువు, ఎవరూ పట్టించుకోరు. సగం సగం కలిపిన కూలెంట్ మామూలు గాలి పీడనంలో 223 దగ్గర మరుగుతుంది. మూత ఆపే 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 15 పౌండ్ల) ఒత్తిడి వల్లే అది 265 దాకా తట్టుకుంటుంది. ప్రతి ఒక్క పీఎస్‌ఐకీ సుమారు 3 డిగ్రీలు. రబ్బరు పగిలి మూత సగం ఒత్తిడే ఆపుతుంటే, ఎండలో కొండ మీద కూలెంట్ మరిగి బయటికి తన్నేస్తుంది. ఐదేళ్ళు దాటిన మూతను మార్చేయండి.

*కూలెంట్.* సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ఎండ ఎక్కువ కదా అని కూలెంట్ పాళ్ళు పెంచితే మేలు జరగదు. వేడిని మోసేది నీళ్ళే. పాళ్ళు రిఫ్రాక్టోమీటర్‌తో (ఒక చుక్క వేసి పాళ్ళు చూసే చిన్న పరికరంతో) చూడండి. మాన్యువల్ చెప్పిన రకమే పోయండి. రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటే కాదు.

*లీకులు.* ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాల్లో ప్రెజర్ టెస్టర్ డిపాజిట్ మీద ఇస్తారు, తిరిగి ఇవ్వగానే డబ్బు వాపసు. సిస్టమ్‌కి మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించి పదిహేను నిమిషాలు చూడండి. ముల్లు పడిపోతుంటే హోస్ చివర్లు, వాటర్ పంప్ కింద, రేడియేటర్ ప్లాస్టిక్ అంచులు వెతకండి.

5. ట్రాన్స్‌మిషన్ ఆయిల్, కూలర్

ఆయిల్ మార్చే గడువులు మాన్యువల్‌లో రెండు ఉంటాయి. ట్రైలర్ లాగితే మీకు వర్తించేది "సివియర్ డ్యూటీ" గడువు. "లైఫ్‌టైమ్ ఆయిల్" అన్న మాట ట్రైలర్ లాగే బండికి పనికిరాదు.

రకం విషయంలో పొరపాటు చేయొద్దు. ఫోర్డ్ 10 స్పీడ్‌కి వాడేది మెర్కాన్ యూఎల్‌వీ, అంతకుముందు 6 స్పీడ్‌కి వాడింది మెర్కాన్ ఎల్‌వీ. పేర్లు దగ్గరగా ఉన్నా ఒకదాని బదులు ఒకటి పోయకూడదు. జీఎం బండ్లకు వాడే డెక్స్‌రాన్‌లోనూ అంతే.

మట్టం కూడా సరిగ్గా ఉండాలి. చాలా కొత్త బండ్లలో పైన డిప్‌స్టిక్ కనిపించదు. బండి సమంగా నిలిపి, ఆయిల్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకు వచ్చాక, కింద నుంచి చూడాల్సి ఉంటుంది. ఇది అలవాటు లేకపోతే మెకానిక్‌కి ఇవ్వండి. తక్కువైనా వేడే, ఎక్కువైనా నురుగు కట్టి వేడే.

అదనపు కూలర్ పెట్టాలా? ముందు మీ బండికి టో ప్యాకేజ్ (ట్రైలర్ లాగడానికి కంపెనీ బిగించి ఇచ్చే పరికరాల సెట్) ఉందో లేదో చూడండి. వెనక హిచ్ ఉన్నంత మాత్రాన ప్యాకేజ్ ఉన్నట్టు కాదు, హిచ్ ఒక్కటే విడిగా పెట్టించుకున్న బండ్లు చాలా ఉన్నాయి. ప్యాకేజ్ ఉంటే కూలర్ అప్పటికే ఉండొచ్చు. లేకపోతే పెట్టించుకోవడం మంచి పనే. పెట్టించేటప్పుడు ఇవి అడగండి:

- పలకలు పేర్చినట్టుండే రకమా, ఒకే ట్యూబు వంకర్లు తిరిగే రకమా? మొదటిదే తీసుకోండి.
- ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, తర్వాత ఈ కూలర్‌లోకి, ఆపైన ట్రాన్స్‌మిషన్‌కి వెళ్ళేలా కలుపుతున్నారా?
- హోసు ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి తయారైనదేనా? పెట్రోల్ హోసు వాడితే మెత్తబడి ఊడుతుంది.
- రేడియేటర్ రెక్కల్లోంచి ప్లాస్టిక్ పుల్లలు దూర్చి బిగిస్తారా, బ్రాకెట్‌తోనా? పుల్లలైతే ఒప్పుకోవద్దు. అదురుకి రాపిడి పుట్టి కండెన్సర్‌కి చిల్లు పడుతుంది.
- వారంటీ మీద ప్రభావం ఉంటుందా?

కొన్ని బండ్లలో కూలర్ దారిలో థర్మల్ బైపాస్ కవాటం ఉంటుంది. ఆయిల్ వేడయ్యేదాకా కూలర్‌లోకి పోనివ్వదు. అది ఇరుక్కుపోతే ఎంత పెద్ద కూలర్ ఉన్నా పని చేయదు. ఖాళీ బండితో కూడా ట్రాన్స్‌మిషన్ 215, 220 దాకా వెళ్తుంటే ఈ కవాటాన్ని చూడమని చెప్పండి.

6. బయల్దేరే రోజు

- కూలెంట్ ఓవర్‌ఫ్లో డబ్బా: చల్లగా ఉన్నప్పటి గీత దగ్గర.
- ఇంజిన్ ఆయిల్: పై గీత దగ్గర.
- గ్రిల్ ముందు లైట్ బార్, సైకిల్ ర్యాక్, చలికాలం కవర్: ఏదీ లేదు.
- టైర్ల గాలి: ట్రైలర్‌ టైర్లు కూడా. గాలి తగ్గితే లాగుడు పెరుగుతుంది.
- ట్రైలర్ బ్రేకులు పట్టేసి లేవని: పది మైళ్ళ తర్వాత ఆగి, ప్రతి చక్రం హబ్ దగ్గర చెయ్యి పెట్టీ పెట్టనట్టు చూడండి. ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే బ్రేక్ రాసుకుంటున్నట్టు.
- రెండు గాలన్ల నీళ్ళు, ఒక గాలన్ కలిపిన కూలెంట్, చేతి తొడుగులు, మందపాటి తువ్వాలు. తాగే నీళ్ళు వేరే, మనిషికి గాలన్ చొప్పున.
- టైమ్: జులైలో ఫీనిక్స్ నుంచి పైకి వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరండి. మధ్యాహ్నం 110 ఉండే చోట తెల్లవారుజామున 85, 90 ఉంటుంది. రేడియేటర్‌కి ఆ 20 డిగ్రీల తేడా పెద్ద వరం.

7. రోడ్డు మీద: వేగం, గేరు, టో మోడ్

బండిని ఎంత బాగా సిద్ధం చేసినా, వేడిని అదుపులో పెట్టేది మీ కుడికాలే. నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఇది: వేడి ఎక్కాక దించడం కష్టం, ఎక్కకముందు ఆపడం తేలిక.

*వేగం.* గాలి ఎదురుతోసే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 65 నుంచి 75కి వెళ్తే ఆ బలం మూడో వంతు పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కావాల్సిన శక్తి సగం పెరుగుతుంది. డాలస్ నుంచి ఐ-20 మీద పడమటికి వెళ్ళేవాళ్ళకు కొండలుండవు కానీ ఎదురుగాలి ఉంటుంది. 65లో వెళ్తూ 20 మైళ్ళ ఎదురుగాలి తగిలితే బండికి అది 85లో వెళ్ళినట్టే. సమతలం మీద కూడా ట్రాన్స్‌మిషన్ ఎందుకు వేడెక్కిందో అర్థంకాక తికమకపడేది ఇక్కడే.

60 నుంచి 65 మధ్య ఉండండి. చాలా ట్రైలర్ టైర్లు తయారయ్యేదే 65 మైళ్ళకు. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి చట్టం ప్రకారమే 55.

*టో/హాల్ మోడ్.* ట్రైలర్ తగిలించగానే నొక్కండి. ఇది గేర్లు ఆలస్యంగా పెంచుతుంది, కన్వర్టర్‌ని త్వరగా లాక్ చేసి పట్టి ఉంచుతుంది, దిగేటప్పుడు ఇంజిన్‌తో బ్రేక్ వేస్తుంది. బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కొన్నిట్లో అది ఆఫ్ అయిపోతుంది. పెట్రోల్ పోయించుకున్న ప్రతిసారీ లైటు చూసుకోండి.

*గేరు.* శ్రీశైలం ఘాట్‌లో లారీ డ్రైవర్లను చూసే ఉంటారు. మలుపు దగ్గర బండి మొరాయించాక కాదు, కింద నుంచే గేరు తగ్గించుకుని ఎక్కుతారు. ఇక్కడా అదే పద్ధతి. ట్రాన్స్‌మిషన్ ఆరుకీ ఏడుకీ మధ్య అటూ ఇటూ ఊగుతుంటే, షిఫ్టర్ మీద ఉన్న మైనస్ బటన్‌తో పై గేర్లను అడ్డుకోండి. ఊగిన ప్రతిసారీ కన్వర్టర్ లాక్ విడిపోతుంది, ఆయిల్ జారుతుంది.

చిన్న గేర్లో ఇంజిన్ 3,500, 4,000 తిరుగుతూ అరుస్తుంటే మనవాళ్ళు భయపడి కాలు తీసి గేరు పెంచుతారు. పెట్రోల్ ఇంజిన్‌కి ఆ వేగం కొత్త కాదు. తక్కువ తిరుగుతూ కాలు నిండా తొక్కి లాగించడం కన్నా ఇదే మేలు. ఇంజిన్ వేగంగా తిరిగితే వాటర్ పంపూ వేగంగా తిరుగుతుంది, ట్రాన్స్‌మిషన్‌లో ఆయిల్ పంపూ వేగంగా తిరుగుతుంది. అంటే రెండు కూలర్లలోనూ ప్రవాహం పెరుగుతుంది.

కన్వర్టర్ లాక్ అయిందో లేదో ఇలా తెలుసుకోవచ్చు. స్థిరంగా వెళ్తూ కాలు కొద్దిగా నొక్కండి. టాకోమీటర్ ముల్లు రెండు మూడొందలు పైకెగిరి, బండి వేగం మాత్రం మారకపోతే లాక్ విడిపోయినట్టు. కాలు కొంచెం తేల్చండి లేదా ఒక గేరు దించండి. మళ్ళీ లాక్ అవుతుంది.

*ఒక దారి ఉదాహరణగా.* ఐ-17 మీద ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తు, ఫ్లాగ్‌స్టాఫ్ 6,900. బ్లాక్ కాన్యన్ సిటీ దాటగానే సన్‌సెట్ పాయింట్ దాకా మొదటి అప్. నేను అక్కడ ఎగ్జిట్ దగ్గరే 50కి దించి, గేరు కూడా దించి, కుడి లేన్‌లోకి వస్తాను. ఊపు మీద ఎక్కేద్దామని కింద 70 పెట్టినవాళ్ళకు సగం దారిలో 225 కనిపిస్తుంది. సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియాలో పది నిమిషాలు ఆగుతాను. క్యాంప్ వెర్డే దగ్గర లోయలోకి దిగి, మళ్ళీ దాదాపు 3 వేల అడుగులు ఎక్కాలి. అసలు పరీక్ష అది. అక్కడ 45కి పడినా నాకు బాధ లేదు, ప్రమాద సూచిక లైట్లు వేసుకుని వెళ్తాను.

ఎత్తు పెరిగే కొద్దీ టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. 7 వేల అడుగుల దగ్గర ఐదో వంతు పోయినట్టు. గాలి పలచబడితే రేడియేటర్‌ చల్లబరిచే శక్తి కూడా తగ్గుతుంది. కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగులు దాటి ఉంటుంది. అక్కడికి వెళ్ళేవాళ్ళు ట్రైలర్ బరువు ఇంకా తగ్గించుకోండి.

*ఏసీ ఆపాలా?* ఎడారి ఘాట్లలో ఏసీ ఆపమని బోర్డులుంటాయి. పాత బండికి, అంచున నడుస్తున్న బండికి అది మంచి సలహా. కానీ పికప్ కంపెనీలు లాగే సామర్థ్యాన్ని లెక్కించే ఎస్‌ఏఈ (ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం) జె2807 ప్రమాణంలో ఒక పరీక్ష ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 11.4 మైళ్ళ కొండను, కనీసం 100 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, మామూలు పికప్ 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలి. ఆ ప్రమాణంతో రేటింగ్ ఇచ్చిన మీ బండి ప్రతి అప్‌లోనూ ఏసీ ఆపితే తప్ప ఎక్కలేకపోతోందంటే బరువైనా ఎక్కువై ఉండాలి, వేగమైనా ఎక్కువై ఉండాలి, కూలింగ్‌లో లోపమైనా ఉండాలి. వెనక సీట్లో పిల్లలున్నప్పుడు నేను ముందు వేగం తగ్గిస్తాను, ఏసీ జోలికి తర్వాత వెళ్తాను.

8. నెమ్మదిగా కదిలే చోట్లు

హైవే మీద 200 ఉన్న ట్రాన్స్‌మిషన్, క్యాంప్‌గ్రౌండ్‌లోకి వచ్చాక 230 అవుతుంది. చాలామంది ఆశ్చర్యపోతారు. నెమ్మదిగా ఎత్తు మీదకు ట్రైలర్‌ను వెనక్కి తోసేటప్పుడు కన్వర్టర్ లాక్ కాదు, గాలి ప్రవాహం ఉండదు, ఆయిల్ అంతా జారుడే. నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ తీస్తే చాలు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే, మట్టి లేదా కంకర నేల మీద 4-లో (నాలుగు చక్రాలనూ చిన్న గేరులో తిప్పే స్థానం) వేసి వెనక్కి తీయండి. ఇంజిన్‌కి పని తేలికవుతుంది, కన్వర్టర్ జారుడు బాగా తగ్గుతుంది. గట్టి సిమెంట్ నేల మీద చక్రాలు బాగా తిప్పుతూ మాత్రం 4-లో వాడొద్దు, ఇరుసులు బిగుసుకుంటాయి.

ట్రాఫిక్ జామ్‌లో అంగుళం అంగుళం పాకొద్దు. ముందు బండికి ఖాళీ వదిలి, ఒకేసారి కదలండి. ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేక్ వేయండి.

9. అయినా వేడెక్కితే, ఈ వరుసలో

1. కాలు తేల్చండి. 10 మైళ్ళు తగ్గించండి. ఒక గేరు దించండి.
2. ఒక నిమిషం చూడండి. పెరుగుతూనే ఉంటే ఏసీ ఆపండి.
3. కూలెంట్ ఇంకా పెరుగుతుంటే హీటర్ పూర్తి వేడికి, ఫ్యాన్ పూర్తి వేగానికి పెట్టి కిటికీలు దించండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఇది ఆగే చోటు దొరికేదాకా మాత్రమే. ఇది ట్రాన్స్‌మిషన్‌కి పెద్దగా పనిచేయదు.
4. రోడ్డు అంచున కాకుండా, వెడల్పు చోటో ఎగ్జిటో చూసి ఆగండి. ఎండుగడ్డి మీద ఆపొద్దు, వేడి ఎగ్జాస్ట్‌కి అంటుకుంటుంది.
5. ఆవిరి రాకుండా, కూలెంట్ కారకుండా ఉంటే ఇంజిన్ వెంటనే ఆపొద్దు. పార్క్‌లో పెట్టి 1,000, 1,200 దాకా తిప్పుతూ ఉంచండి. పంపులు, ఫ్యాన్ తిరుగుతూ వేడిని బయటికి పంపుతాయి. పార్క్‌లో కన్వర్టర్ మీద బరువు ఉండదు కాబట్టి కొత్త వేడి పుట్టదు. టర్బో ఇంజిన్లకు ఇది ఇంకా అవసరం.
6. ఆవిరి వస్తున్నా, కింద కూలెంట్ కారుతున్నా, ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగినా వెంటనే ఆపేయండి. కూలెంట్ లేనప్పుడు ఇంజిన్ తిప్పితే సిలిండర్ హెడ్ వంగుతుంది.
7. మూత తీయకండి. కనీసం 45 నిమిషాలు ఆగండి. పై హోసు చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడు తువ్వాలు వేసి, కొంచెం తిప్పి, ఒత్తిడి పోయాక తీయండి.
8. మరీ వేడి ఇంజిన్‌లో చన్నీళ్ళు ఒక్కసారిగా పోయొద్దు.

10. తరచూ చూసే తప్పులు

*థర్మోస్టాట్ తీసేయడం.* పాత సలహా, ఇప్పటికీ వినిపిస్తుంది. తీసేస్తే కొన్ని ఇంజిన్లలో కూలెంట్ రేడియేటర్‌ని తప్పించుకుని తిరుగుతుంది, వేడి ఇంకా పెరగొచ్చు. పాతదైతే అదే రేటింగ్‌ది కొత్తది వేయండి.

*లీకు ఆపే పొడి పోయడం.* చిల్లుతో పాటు హీటర్, రేడియేటర్ సన్నటి దారులను కూడా మూస్తుంది. అడవిలో చిక్కుకుంటే తప్ప వద్దు.

*పెద్ద టైర్లు.* 31 అంగుళాల చోట 35 వేస్తే గేరింగ్ పెరిగినట్టే. కన్వర్టర్ లాక్ కావడానికి మొరాయిస్తుంది. టైర్లు మార్చి వేడెక్కుతోందని వచ్చినవాళ్ళకు నేను మొదట చెప్పేది పాత సైజుకు వెళ్ళమని, లేదంటే యాక్సిల్ గేర్లు మార్పించమని.

*కూలెంట్ తగ్గుతున్నా పోస్తూ పోవడం.* బయట ఎక్కడా లీకు లేకుండా నెలకో అర లీటరు మాయమవుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాక్‌కీ సిలిండర్ హెడ్‌కీ మధ్య ఉండే సీలును) అనుమానించండి. బ్లాక్ టెస్టర్ ఉంటుంది, అందులోని నీలి ద్రవం పసుపు రంగులోకి మారితే కూలెంట్‌లోకి ఎగ్జాస్ట్ వాయువు వస్తున్నట్టు. ఆ బండితో ట్రైలర్ లాగకండి.

11. ఇంటికొచ్చాక

రాగానే ట్రైలర్ ఊడదీసి, బండి పక్కన పెట్టేసి మర్చిపోతాం. మర్నాడు పొద్దున ఒక పావుగంట పెట్టండి.

- ఓవర్‌ఫ్లో డబ్బా మట్టం బయల్దేరిన నాటితో పోల్చండి.
- కింద గత్తపేపరు పరిచి, రాత్రికి ఏ చుక్క పడిందో చూడండి. ఎర్రగా జిడ్డుగా ఉంటే ట్రాన్స్‌మిషన్ లైను, తీయగా వాసన వస్తే కూలెంట్.
- గ్రిల్ మీద పురుగులు ఎండకముందే కడిగేయండి.
- ట్రిప్‌లో చూసిన గరిష్ఠ ఉష్ణోగ్రత, ఆ రోజు ఎండ, ఎక్కిన కొండ, వేగం ఒక పుస్తకంలో రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. వచ్చే ఏడాది అదే కొండ మీద అదే వేగంతో పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తే, కూలింగ్ ఎక్కడో దెబ్బతింటోందని బండి ఆగకముందే తెలుస్తుంది.
- ట్రాన్స్‌మిషన్ 250 దాటిన ట్రిప్ అయితే గడువు దాకా ఆగకుండా ఆయిల్ మార్పించండి. పాత ఆయిల్ కొంచెం తెల్ల కాగితం మీద వేయించి చూడండి. ఎర్రగా ఉంటే సంతోషం. గోధుమ రంగుకు తిరిగి మాడిన వాసన వస్తుంటే, పాన్‌లో లోహపు పొడి ఉందేమో కూడా చూడమనండి.